జీతం హైదరాబాద్‌ది, కుర్చీ బ్యాంకాక్‌ది అయితే?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర పల్లె. వయసు 28. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. 2021 నుంచి ఇంటి దగ్గర నుంచే పని, నెలకు రెండు మూడు సార్లు ఆఫీసుకు పోతే చాలు. చేతికి 92 వేలు వస్తుంది. ఒక్క ఏడాదైనా బయటి దేశంలో ఉండి ఇదే పని చేసుకోవాలని నా ఆశ. మేనేజర్‌ను అడిగితే "పని ఆగకుంటే చాలు, యాడికెళ్లి చేస్తే ఏంది" అన్నాడు. బ్యాంకాక్‌లో ఉన్న దోస్తు "వీసానే అక్కర్లేదు, వచ్చెయ్. గడువు అయిపోయే ముందు పక్క దేశం పోయి మళ్లీ రావచ్చు" అంటున్నాడు. దుబాయ్‌లో మా అక్కాబావ ఉన్నారు, విజిట్ వీసా మీద వచ్చి వాళ్లింట్లోనే ఉండి పని చేసుకోమంటున్నారు. హైదరాబాద్‌లో ఒక ఏజెంటు పోర్చుగల్ డిజిటల్ నోమాడ్ వీసా, అంటే తమ దేశంలో ఉండి బయటి కంపెనీకి ఆన్‌లైన్‌లో పని చేసుకునేవాళ్లకు ఇచ్చే వీసా, ఇప్పిస్తానని నాలుగున్నర లక్షలు అడిగాడు. ఆదాయం కాగితాలు, బ్యాంకు బ్యాలెన్సు అన్నీ తామే చూపిస్తామన్నాడు. 50 వేలు అడ్వాన్సు, పాస్‌పోర్టు ఇచ్చి వచ్చాను. అమ్మ మాత్రం వద్దే వద్దంటోంది. కంబోడియాలో ఇరుక్కున్న పిల్లల సంగతి టీవీలో చూసినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. నా జీతం ఇండియాదే, అక్కడి వాళ్ల ఉద్యోగం నేను గుంజుకోవట్లేదు. మరి ఇందులో తప్పేముంది? ట్యాక్స్ ఎక్కడ కట్టాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది. దారి చెప్పక్కా.

జవాబు: తమ్ముడూ, వీసా సంగతి తర్వాత మాట్లాడుకుందాం. రేపు పొద్దున మొదటి బస్సుకు హైదరాబాద్ పోయి ఆ ఏజెంటు దగ్గరున్న నీ పాస్‌పోర్టు తెచ్చుకో. 50 వేలు వాపసు ఇస్తాడా లేదా అన్నది రెండో సంగతి. పాస్‌పోర్టు నీ సొత్తు కూడా కాదు, 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వానిది. వీసా కోసం దాన్ని ఇవ్వాల్సింది రాయబార కార్యాలయానికి, లేదా ఆ దేశం నియమించుకున్న వీసా సెంటరుకు. అది కూడా నువ్వే పోయి వేలిముద్రలు ఇచ్చేటప్పుడు. ఏజెంటు సొరుగులో అది ఉండాల్సిన పనే లేదు. "మిగతా పైసలు కడితేనే ఇస్తా" అంటే అక్కడ గొడవ పడకు. ఆ ఆఫీసు ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోకి వస్తుందో అక్కడికి పోయి కాగితం మీద ఫిర్యాదు రాసివ్వు. నువ్వు పంపిన పైసల యూపీఐ రసీదు, అతను వాట్సాప్‌లో పెట్టిన మాటలు ఏవీ చెరపకు. "పాస్‌పోర్టు పోయింది" అని అబద్ధం చెప్పి కొత్తది తీసుకొమ్మని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకు. అది ఇంకో కేసు అవుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఏజెంటు మాట ఒట్టిదని తేల్చడానికి పెద్ద పరిశోధనేం అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. పోర్చుగల్ వాళ్లు రిమోట్ పనివాళ్లకు వీసా ఇస్తున్న మాట నిజమే. 2022 అక్టోబర్ నుంచి ఉంది, డీ8 అంటారు. దానికి వాళ్ల దేశపు కనీస వేతనానికి నాలుగింతల ఆదాయం చూపించాలి. 2025లో అక్కడి కనీస వేతనం నెలకు 870 యూరోలు. నాలుగింతలంటే 3,480 యూరోలు, మన లెక్కన నెలకు సుమారు మూడున్నర లక్షలు. ఆ కనీస వేతనం ఏటా పెరుగుతుంది కాబట్టి ఈ గీత కూడా ఏటా పైకే పోతుంది. నీ జీతం 92 వేలు. మధ్యలో ఉన్న రెండున్నర లక్షల తేడాను "మేం చూపిస్తాం" అన్నాడంటే దొంగ జీతం చీటీలు, దొంగ కాంట్రాక్టు, వారం రోజులకు అప్పుగా వేసిన బ్యాంకు నిల్వ అని అర్థం. వాటి కింద సంతకం నీది, వేలిముద్ర నీది. ఏజెంటు పేరు ఎక్కడా ఉండదు. యూరప్ వీసా తిరస్కరిస్తే ఆ వివరం వాళ్ల ఉమ్మడి రికార్డులో ఐదేళ్లు ఉంటుంది. కెనడాకు తప్పుడు కాగితాలు పెడితే ఐదేళ్లు, బ్రిటన్‌ను మోసం చేసినట్టు తేలితే పదేళ్ల దాకా తలుపు మూస్తారు. నీకు ఇప్పుడు 28. ముందు ముందు కంపెనీయే నిన్ను సొంత ఖర్చుతో పంపే రోజు వస్తే, ఆ రోజుకు అడ్డం పడేది ఈ నాలుగున్నర లక్షల కాగితమే.

ఇక నువ్వు అడిగిన అసలు మాట. జీతం ఇండియాది, ఉద్యోగం ఇండియాది, మరి తప్పేముంది అన్నావు. నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్నే. అయితే ప్రభుత్వాలు చూసేది జీతం ఎక్కడి నుంచి వస్తోందని కాదు, పని ఎక్కడ జరుగుతోందని. నాట్ల కాలంలో మీ దిక్కు నుంచి కూలీలు సాగర్ ఆయకట్టుకు, మిర్యాలగూడ వైపు పోతారు కదా. వాళ్లను పిలిచిందెవరు, కూలి పైసలు ఎవరి జేబులోంచి వచ్చాయన్నది ఎట్లున్నా, నాటు పడ్డది మాత్రం మిర్యాలగూడ మడిలోనే. ల్యాప్‌టాప్ పని కూడా అంతే. సర్వర్ ఎక్కడున్నా, క్లయింటు ఎక్కడున్నా, నీ వేళ్లు కీబోర్డు మీద ఆడిన చోటే పని జరిగిందని చాలా దేశాల చట్టం అనుకుంటుంది. టూరిస్టుగా వచ్చిన మనిషి చూడ్డానికి, తిరగడానికి, చుట్టాల ఇంట్లో ఉండడానికి వచ్చాడు. రోజూ ఎనిమిది గంటలు పని చేసి జీతం తీసుకునే మనిషి ఇంకో లెక్కలోకి వస్తాడు. ఆ రెండో లెక్కకు వేరే వీసా ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

అన్ని దేశాలూ ఒకే తీరుగా లేవన్నది కూడా చెప్పాలి. లేకపోతే నిన్ను ఊరికే భయపెట్టినట్టు అవుతుంది. బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి తన విజిటర్ నియమాలు మార్చి, సొంత దేశంలోని ఉద్యోగాన్ని దూరం నుంచి చేసుకోవచ్చని రాసింది. ఒకటే షరతు, వచ్చిన అసలు కారణం అది కాకూడదు. కెనడా కూడా విజిటర్‌గా వచ్చినవాళ్లు బయటి దేశపు కంపెనీకి ఆరు నెలల దాకా పని చేసుకోవడాన్ని ఒప్పుకుంటుంది. న్యూజిలాండ్ 2025 జనవరి 27న అదే దారి తెరిచింది. అయితే 90 రోజులు దాటితే పన్ను సంగతి చూసుకోమని ముందే చెప్పింది. ఈ మూడు దేశాలకూ మనకు విజిటర్ వీసా దొరకడమే పెద్ద పని. చుట్టాలు ఉండి, తిరిగి వస్తావన్న రుజువులు ఉండి, ఒక నెల పోయి రావాలనుకునేవాళ్లకు మాత్రం ఇది పనికొచ్చే సంగతి.

డిజిటల్ నోమాడ్ పేరుతో ఉన్న మిగతా తలుపుల గురించి కూడా లెక్క వేసి చూశాను. స్పెయిన్ 2023 నుంచి ఇస్తోంది. అక్కడి కనీస వేతనానికి రెండింతలు కావాలి, అంటే 2025 లెక్కలో నెలకు 2,700 యూరోల పైమాటే. 2020లో యూరప్‌లో ముందుగా మొదలుపెట్టిన ఎస్టోనియా 4,500 యూరోలు అడుగుతుంది. మలేషియాలో డీఈ రాంతావ్ అని ఉంది, సాఫ్ట్‌వేర్ లాంటి డిజిటల్ పనివాళ్లకు ఏడాదికి 24,000 డాలర్లు. ఇండోనేషియా ఏడాదికి 60,000 డాలర్లు. జపాన్ 2024లో ఆరు నెలల వీసా పెట్టింది కానీ అది ఏయే దేశాలవాళ్లకు ఇస్తారో ఆ జాబితాలో మన పేరు లేదు. మీ అక్కాబావ ఉన్న దుబాయ్‌లో వర్చువల్ వర్క్ వీసా ఉంది. ఏడాది వీసా, నెలకు 3,500 డాలర్ల జీతం చూపించాలి, అంటే మూడు లక్షల పైన. ఈ జాబితా చదివి మనసు చిన్నబుచ్చుకోకు. ఈ వీసాలన్నీ బాగా ఖర్చు పెట్టే మనుషుల కోసం కట్టుకున్నవి. నీ పని తక్కువదని వాటి అర్థం కాదు.

ఈ వరుసలో నీకు దగ్గరగా ఉన్నవి నాకు రెండే కనిపిస్తున్నాయి. ఒకటి మారిషస్. అక్కడి ప్రీమియం వీసాకు నెలకు 1,500 డాలర్ల ఆదాయం చాలు, ఏడాది ఉండొచ్చు. నీ జీతానికి అది ఇంకా ఒక మెట్టు పైనే ఉంది, కానీ ఒక మంచి ఇంక్రిమెంటు, లేదా ఒక ఉద్యోగం మారడం దూరంలోనే ఉంది. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలికి ఓడెక్కిన తెలుగువాళ్ల మునిమనవలు అక్కడ ఇప్పటికీ తమను తెలుగువాళ్లమనే చెప్పుకుంటారు. మన దిక్కు నుంచి వలస అనగానే గల్ఫ్, అమెరికా తప్ప ఇంకొకటి తలపుకు రాదు కాబట్టి ఈ మాట చెప్తున్నాను.

రెండోది థాయ్‌లాండ్. నీ దోస్తు చెప్పిన దారి కాదు, అసలు దారి. 2024 జూలైలో వాళ్లు డీటీవీ అని ఒక వీసా తెచ్చారు. ఐదేళ్లు చెల్లుతుంది, పోయిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు, బయటి దేశపు కంపెనీకి రిమోట్‌గా పని చేసేవాళ్లకు ఉద్దేశించినదే. థాయ్ కంపెనీకి మాత్రం పని చేయకూడదు. దీనికి నెల జీతం గీత పెట్టలేదు, బ్యాంకులో ఐదు లక్షల బాత్‌లు ఉన్నట్టు చూపమంటారు. మన లెక్కన 13, 14 లక్షలు. ఇప్పుడు నీ దగ్గర అంత ఉండకపోవచ్చు. ఏజెంటుకు ఇస్తానన్న నాలుగున్నర లక్షలు అందులో మూడో వంతు అవుతాయని మాత్రం చూడు. ఆ పైసలు నీ పేరు మీద ఉంటే రెండు మూడేళ్లకు నిజమైన నిల్వతో, నిజమైన కాగితాలతో నువ్వే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నీ దోస్తు చెప్పిన దారి సంగతి. వీసా లేకుండా రానిచ్చేది టూరిస్టులను. ఎన్ని రోజులు రానిస్తారన్నది ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది. సరిహద్దు దాటి మళ్లీ రావడాన్ని వీసా రన్ అంటారు. ఒకప్పుడు అది నడిచింది, ఇప్పుడు పదే పదే చేసేవాళ్లను సరిహద్దు దగ్గరే ఆపి వెనక్కి పంపుతున్నారు. అనుమతి లేకుండా పని చేసినట్టు తేలితే అక్కడి చట్టంలో 5,000 నుంచి 50,000 బాత్‌ల జరిమానా, దేశం నుంచి పంపేయడం ఉన్నాయి. నీ దోస్తు ఇన్నాళ్లూ దొరకలేదు అంటే అతన్ని ఎవరూ అడగలేదని అర్థం. అడిగిన రోజు చెప్పడానికి అతని దగ్గర జవాబు లేదు. నువ్వు అతని పక్కన కూర్చుంటే నీ దగ్గరా ఉండదు.

దుబాయ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. నేను గల్ఫ్‌లో 11 ఏళ్లు ఒక కంపెనీ జీతాల విభాగంలో పనిచేసి వచ్చినదాన్ని కాబట్టి అక్కడి సంగతి తెలుసు. అక్క ఇంటికి పోయిరా, తప్పకుండా పో. సెలవు పెట్టుకొని పది రోజులు ఉండు. ఆ పది రోజుల్లో ఒకసారి ఆఫీసు మెయిల్ చూసుకుంటే ఎవరూ వచ్చి తలుపు కొట్టరు. కానీ విజిట్ వీసా మీద మకాం పెట్టి, నెలల తరబడి షిఫ్టు చేయడం వేరు. విజిట్ వీసా పని చేసే అనుమతి కాదు. 2024 ఆగస్టులో వాళ్లు చట్టం బిగించి, అనుమతి లేకుండా మనిషిని పనిలో పెట్టుకునే యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాంల దాకా జరిమానా పెట్టారు. అది ప్రధానంగా అక్కడి యజమానుల కోసం తెచ్చినదే. అయినా గాలి ఎటు వీస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది. నీకేమైనా అయితే చిక్కుల్లో పడేది నువ్వొక్కడివే కాదు, విజిట్ వీసాకు హామీ ఉన్న మీ బావ కూడా.

నేను ఉన్న బిల్డింగ్‌లోనే ఒక అబ్బాయి విజిట్ వీసా మీద వచ్చి, అన్న గదిలో ఉంటూ, ఇండియా కంపెనీకి పని చేసేవాడు. నాలుగో నెలలో అపెండిసైటిస్ వచ్చి రాత్రికి రాత్రి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఇన్సూరెన్సు ఉంది కదా అనుకున్నాడు. అది ఇండియాలోని ఆసుపత్రులకే. టూరిస్టు ఇన్సూరెన్సు మొదటి నెలకే తీసుకున్నాడు, గడువు అయిపోయింది. పైగా సెలవు చీటీ ఎక్కడి నుంచి పెట్టాలి? తాను ఆ దేశంలో ఉన్నట్టే కంపెనీకి తెలియదు. చెల్లెలి పెళ్లికి దాచిన పైసలతో ఆసుపత్రి బిల్లు కట్టారు. పోలీసు రాలేదు, ఇమిగ్రేషన్ రాలేదు, జైలు లేదు. అయినా ఆ ఇల్లు కోలుకోవడానికి రెండేళ్లు పట్టింది. అందుకే చెప్తున్నాను, దొరికిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు. ఏదైనా జరిగినప్పుడు ఎవరి లెక్కలోనూ లేకుండా పోవడం అంతకంటే పెద్ద ప్రమాదం.

ఈ మాట నాకు గల్ఫ్‌లో కొత్తగా తెలిసింది కాదు. మాది మక్తల్ దగ్గర ఊరు. మా నాన్న గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఇంట్లో పెట్టి, మహబూబ్‌నగర్‌లో బొంబాయి బస్సెక్కిన మనిషి. ఒక కట్టడం దగ్గర ఆయన పక్కన పని చేసే మనిషి సెంట్రింగ్ మీది నుంచి పడి నడుము విరిగింది. కాంట్రాక్టరు హాజరు పట్టీ తెరిచి, ఈ పేరు ఇందులో లేదన్నాడు. "నేనున్నా, నువ్వు రా" అని ఊర్లో అందరి ముందు చెప్పిన మేస్త్రీ ఆ వారం అటువైపు రాలేదు. వలస కూలీల పేర్లు రాసుకోవాలని 1979లోనే చట్టం వచ్చింది, కానీ రాసేవాడు లేకుంటే చట్టం ఏం చేస్తుంది? మా నాన్న ఆ తర్వాత ఎక్కడికి పోయినా మొదటి రోజే "నా పేరు రాసిర్రా?" అని అడిగేవాడు.

నీ మేనేజర్ మాట విన్నప్పుడు నాకు ఆ మేస్త్రీయే గుర్తొచ్చాడు. మేనేజర్ మంచివాడే కావచ్చు, నీ మీద నమ్మకంతోనే అని ఉండొచ్చు. కానీ ఆరు నెలలకు ఆయన వేరే కంపెనీకి పోతాడు. వచ్చే కొత్త మేనేజర్‌కు నువ్వు ఎక్కడున్నావో తెలియదు. ఒక ఉద్యోగి ఇంకో దేశంలో కూర్చొని పని చేయొచ్చా అన్నది చెప్పే అధికారం సాధారణంగా మేనేజర్‌కు ఉండదు, హెచ్‌ఆర్‌కు, లీగల్‌కు ఉంటుంది. క్లయింటు ఒప్పందంలో "డేటా ఇండియా దాటకూడదు" అని ఉంటే వాళ్లు కూడా ఒప్పుకోలేరు. టెస్టింగ్ వాళ్ల చేతిలో క్లయింటు డేటా ఉంటుంది కాబట్టి నీ విషయంలో ఇది చాలా ముఖ్యం. నువ్వు ఎక్కువ కాలం ఒక దేశంలో ఉండి పని చేస్తే, మీ కంపెనీకి ఆ దేశంలో శాఖ ఉన్నట్టే లెక్క వేసి అక్కడి పన్ను శాఖ కంపెనీని అడిగే అవకాశం కూడా ఉంటుంది. కంపెనీలు ఏడాదికి ఇన్ని రోజులే అని పరిమితి పెట్టేది అందుకే. అది మొండితనం కాదు.

ఎక్కడి నుంచి లాగిన్ అవుతున్నావో దాచే వీపీఎన్ పెట్టుకోమని నీ దోస్తు చెప్పే ఉంటాడు. వద్దు. కంపెనీ ల్యాప్‌టాప్ ఎక్కడి నుంచి లాగిన్ అవుతోందో మొదట తెలిసేది ఏ ఇమిగ్రేషన్ ఆఫీసరుకో కాదు, మీ ఐటీ వాళ్లకే. చెప్పకుండా పోవడం ఒక తప్పు, దాచడానికి ప్రయత్నించడం ఇంకో తప్పు. మొదటిదానికి మందలింపుతో సరిపెట్టే కంపెనీ కూడా రెండోదానికి ఉద్యోగం తీసేస్తుంది. రిలీవింగ్ లెటర్ లేకుండా పోతే తర్వాతి ఉద్యోగం ఎంత కష్టమో నీకే తెలుసు.

ట్యాక్స్ దగ్గర చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. వీసా ఇచ్చిన దేశం పన్ను కూడా వదిలేసిందని అనుకుంటారు. వీసా ఆఫీసు వేరు, పన్ను ఆఫీసు వేరు. సాధారణ సూత్రం ఏమిటంటే, పని చేసిన దేశానికి ఆ పని జీతం మీద హక్కు ఉంటుంది. మన దేశానికి చాలా దేశాలతో రెండుసార్లు పన్ను పడకుండా ఒప్పందాలు ఉన్నాయి. వాటిలో ఉండే మినహాయింపు ప్రకారం, అక్కడ 183 రోజులకు మించి ఉండకపోతే, జీతమిచ్చే కంపెనీ ఆ దేశానిది కాకపోతే, ఆ దేశంలోని కంపెనీ శాఖ నుంచి జీతం రాకపోతే, అక్కడ పన్ను పడదు. మూడూ కలిసి ఉండాలి. చాలామందికి 183 ఒక్కటే గుర్తుంటుంది. థాయ్‌లాండ్‌లో క్యాలెండర్ ఏడాదిలో 180 రోజులు ఉంటే అక్కడి పన్ను నివాసివి అవుతావు. 2024 జనవరి 1 నుంచి అట్లాంటివాళ్లు బయటి ఆదాయాన్ని ఆ దేశంలోకి తెచ్చుకుంటే దాని మీద పన్ను అడుగుతున్నారు. డీటీవీ వీసా కూడా ఒకసారికి 180 రోజులే ఇస్తుంది కాబట్టి ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకోవాలి.

మన దగ్గర ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క. ఆ ఏడాదిలో 182 రోజులు ఇక్కడుంటే నివాసివే. అంతకు తక్కువ ఉంటే ఎన్ఆర్ఐ అయిపోతానని నువ్వు అనుకుంటే ఆగు. ఆ ఏడాదిలో 60 రోజులు ఉండి, ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇక్కడే ఉన్నా నివాసివే. ఉద్యోగం కోసం దేశం విడిచి పోయేవాళ్లకు ఆ 60 బదులు 182 అని వెసులుబాటు ఉంది. కానీ ఇక్కడి ఉద్యోగమే చేసుకుంటూ ఇష్టపడి బయట ఉండడం అందులోకి వస్తుందా అన్నది వాదనకు తావున్న సంగతి. నీ జీతం హైదరాబాద్ ఖాతాలోకే వస్తుంది, కంపెనీ టీడీఎస్ కోస్తూనే ఉంటుంది. కాబట్టి ఇండియా పన్ను తప్పుతుందని లెక్క వేసుకోకు. అక్కడ కూడా కట్టాల్సి వస్తే ఆ రసీదులతో ఇక్కడ క్రెడిట్ తీసుకోవచ్చు. దుబాయ్‌లో జీతం మీద పన్ను లేదు కదా అని పోయేవాళ్లకు ఒక మాట: ఇండియా ఆదాయం ఏడాదికి 15 లక్షలు దాటి, వేరే ఏ దేశంలోనూ పన్ను పరిధిలో లేని భారత పౌరుణ్ని 2020లో వచ్చిన మార్పు తర్వాత మన చట్టం ఇక్కడి నివాసిగానే లెక్కిస్తుంది. నీ జీతం ఇంకా ఆ గీత కిందే ఉన్నట్టుంది, ఇంక్రిమెంట్లు వస్తే దాటొచ్చు. పోయే ముందు నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో ఒక చార్టర్డ్ అకౌంటెంటు దగ్గర గంట కూర్చో. ఆయనకిచ్చే ఫీజు వృథా కాదు.

ఇక అమ్మ భయం. దాన్ని తేలికగా తీసుకోకు తమ్ముడూ. కంబోడియా, మయన్మార్‌లలో ఇరుక్కున్న పిల్లలు చదువుకున్నవాళ్లే, కంప్యూటర్ తెలిసినవాళ్లే. "థాయ్‌లాండ్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం" అని చెప్పి పిలిచి, బ్యాంకాక్‌లో దించుకొని, సరిహద్దు దాటించి, మోసం ఫోన్లు చేయించారు. మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. 2025 మార్చిలో మయన్మార్ నుంచి విడిపించిన 500 మందికి పైగా మనవాళ్లను వాయుసేన విమానాల్లో తెచ్చారు, అందులో తెలంగాణ పిల్లలూ ఉన్నారు. నీ పరిస్థితి వేరని అమ్మకు చెప్పు. నీ చేతిలో ఉద్యోగం ఉంది, నువ్వు అక్కడ ఉద్యోగం వెతుక్కోవడానికి పోవట్లేదు. కానీ ఆ వేరు ఎప్పుడు చెరిగిపోతుందో కూడా తెలుసుకో. కంపెనీకి తెలిసి నీ జీతం ఆగిపోయి, అక్కడ గది అద్దె కట్టలేక ఉన్న నెలలో ఎవరో వచ్చి "పక్క ఊర్లో డేటా ఎంట్రీ పని ఉంది, భోజనం, రూము ఫ్రీ" అంటే అప్పుడు నువ్వూ ఆ పిల్లల దారిలోనే నిలబడతావు. అట్లాంటి మాట ఎవరు చెప్పినా, ఎంత దగ్గరి దోస్తయినా, కదలకు. మన రాయబార కార్యాలయం నంబరు ఫోన్‌లో పెట్టుకో. బయట ఉద్యోగమే కావాలనుకుంటే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. బయటి దేశం ఉద్యోగాలకు పంపే ఏ ఏజెంటుకైనా లైసెన్సు ఉందో లేదో మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. నీ పోర్చుగల్ ఏజెంటు పేరు కూడా అందులో ఒకసారి వెతుకు.

ఇప్పుడు నేనైతే ఏం చేస్తానో చెప్తాను. పాస్‌పోర్టు చేతికొచ్చాక హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ రాస్తాను, మేనేజర్‌ను కాపీలో పెట్టి. మన కంపెనీలో వేరే దేశం నుంచి కొద్ది రోజులు పని చేయడానికి పాలసీ ఉందా, ఉంటే ఏడాదికి ఎన్ని రోజులు, ఏ దేశాలకు ఒప్పుకుంటారు, నా ప్రాజెక్టు క్లయింటుకు అభ్యంతరం ఉందా, ల్యాప్‌టాప్ తీసుకుపోవచ్చా, ఆ రోజుల్లో ఇన్సూరెన్సు ఎవరిది అని అడుగుతాను. ఇన్ని ప్రశ్నలు అడిగితే కోపమొస్తుందేమో అని జంకకు. ఇట్లాంటివి అడిగేవాళ్లనే నమ్మకస్తుడని అనుకుంటారు. కొన్ని కంపెనీలు ఏడాదికి మూడు నాలుగు వారాలు ఒప్పుకుంటాయి. మీది ఒప్పుకుంటే, ఆ దేశపు వీసా నియమం కూడా ఒప్పుకుంటేనే టికెట్ కొను. ఒప్పుకోకపోతే ఈ డిసెంబర్‌లో పది రోజులు సెలవు పెట్టి, ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంచి, బ్యాంకాక్‌కో దుబాయ్‌కో టూరిస్టుగానే పోయిరా. ఏడాది ఉండగలవా లేదా, అక్కడి ఎండ, తిండి, ఒంటరితనం నీకు పడతాయా అన్నది ఆ పది రోజుల్లో కొంత తెలుస్తుంది. ఈ లోపల ఆ నాలుగున్నర లక్షల్లో ఏజెంటుకు పోకుండా మిగిలింది నీ పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, నెలకు 20, 25 వేలు జత చెయ్యి. టెస్టింగ్‌లో ఆటోమేషన్ నేర్చుకుంటే జీతం మారిషస్ గీత దాటడానికి ఎక్కువ కాలం పట్టదు.

పాస్‌పోర్టు వచ్చిన రోజే దేవరకొండకు పో, అమ్మ చేతికిచ్చి బీరువాలో పెట్టమను. ఏ దేశం, ఏ వీసా, ఎన్ని రోజులు అన్నది కాగితం మీద రాసి, కంపెనీ మెయిల్ ప్రింటు తీసి చూపించినప్పుడే దాన్ని మళ్లీ అడుగు. హెచ్‌ఆర్ జవాబు వచ్చాక నాకు రాయి, అందులో ఏముందో చూసి ముందు సంగతి మాట్లాడుకుందాం.